షెడ్డులో ఎర్ర బల్బు

గోడాదరా, సూరత్
3 మే 2020

మామయ్యకు, ఊర్మిళ నమస్కారాలు.

ఫోన్ చేస్తే నేను ఏం చెప్పినా మీరు "మంచిదే, మంచిదే" అని పెట్టేస్తున్నారు. మొన్న అత్తమ్మ మెట్ల మీద జారిందని చెబితే కూడా మంచిదే అన్నారు. ఆమె అది విని రెండు రోజులు మీ పేరెత్తలేదు. ముప్పై ఏళ్ళు మగ్గాల మోత విన్న చెవులకు ఫోన్ అంటగట్టడం నాదే బుద్ధితక్కువ పని. ఇకమీదట ఉత్తరాలే రాస్తాను. మీ కోడలికి తెలుగు రాయడం వచ్చని వరంగల్లులో మా పంతుళ్ళు కూడా సంతోషిస్తారు.

అత్తమ్మ కాలు బాగైంది. మీ అబ్బాయి కిశోర్ ఆస్పత్రి ల్యాబులోనే ఉంటున్నాడు, మాకు తెచ్చి అంటిస్తానేమోనని ఇంటికి రావడం లేదు. గల్లీ చివర నిలబడి చెయ్యి ఊపి వెళతాడు. మా కాలేజీ మూసేశారు. మా సార్ అనుమతితో నా పరిశోధన సామానంతా ఇంటికి తెచ్చుకుని డాబా మీద గదిలో పెట్టుకున్నాను. అత్తమ్మ ఆ పెట్టెల మీద వడియాలు ఎండబెట్టకుండా కాపలా కాయడమే నాకు ప్రస్తుతం పెద్ద పరిశోధన.

మీ అక్కగారి దినాలు సక్రమంగా జరిగాయని మీతో పనిచేసే సాంబయ్య అన్న చెప్పాడు. రైళ్ళు లేవు కాబట్టి సిరిసిల్లలోనే నిదానంగా ఉండండి. ఇక్కడ కొత్త విశేషమేమీ లేదు. మన ఇంటి ఎదురు మీ మగ్గాల షెడ్డుకు యజమాని సేఠ్ కరెంటు కనెక్షన్ తీయించేశాడట. దేవుడి పటం ముందు ఎర్ర బల్బు కూడా ఆరిపోయిందని కాపలా అంబదాస్ చెప్పాడు.

మందులు మానకండి.

ఊర్మిళ

*

సిరిసిల్ల
14 మే 2020

కోడలు ఊర్మిళకు మామ రాజమౌళి ఆశీస్సులు.

కొత్త విశేషమేమీ లేదని రాసి, కింద రాసిన ఒక్క ముక్కతో నన్ను మంచం మీద కూర్చోనివ్వకుండా చేశావు. నీకు తెలియదు కాబట్టి తప్పు పట్టను.

ఆ షెడ్డు పెట్టిన రోజు మార్కండేయుడి పటం ముందు ఆ ఎర్ర బల్బు వెలిగించారు. సమ్మెలప్పుడు ఆరలేదు. తాపీ నదికి వరద వచ్చి మగ్గాలు నడుము లోతు మునిగినప్పుడు బ్యాటరీ నెత్తిన పెట్టుకుని అటక ఎక్కి వెలిగించాం. షెడ్డును శాశ్వతంగా మూసేటప్పుడు మాత్రం, అందులో అందరికన్నా పాత చెయ్యి ఎవరిదో వాళ్ళు టెంకాయ కొట్టి, తమ చేత్తో బల్బు ఆర్పాలి. ఇది మనవాళ్ళ కట్టుబాటు. సూరత్‌లో మన షెడ్డు ఏది మూతపడ్డా ఇలాగే జరిగింది. దానంతటది ఆరిపోతే దిక్కులేని షెడ్డని అర్థం. సేఠ్ ఉండేది వరాఛా పేటలో, షెడ్డుకు రాడు. ఎవరో ఒకరు పోయి బల్బే లేదని చెబితే ఆయన మగ్గాలన్నీ భంగార్ కింద, పాత ఇనుము లెక్కన తూకానికి వేసేస్తాడు.

ఆ షెడ్డు మాస్టర్‌ను నేను. అక్కడ నేను లేకుండా ఆ బల్బు ఆరకూడదు. ఇక్కడి నుంచి గుడ్డల లారీలు సూరత్ పోతున్నాయి. ఒకదాంట్లో ఎక్కి వచ్చి దాన్ని మళ్ళీ వెలిగిస్తాను. నా దమ్ము, ఆయాసం సంగతి ఎత్తకు, నాకు దమ్ము ఇవాళ కొత్తగా రాలేదు.

మీ అత్తమ్మకు చెప్పకు. చెబితే అరుస్తుంది, నాకెలాగూ వినబడదు.

రాజమౌళి

*

గోడాదరా
27 మే 2020

మామయ్యా,

ముందు ఒక్క మాట. లారీ ఎక్కకండి. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, పాతికమంది మధ్య లారీలో రెండు రోజులు కూర్చుని ఈ ఊరికి వస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడ కిశోర్ అలాంటివాళ్ళను రోజూ చూస్తున్నాడు. మీ ఉత్తరం చదివిన రాత్రి నాకు నిజంగా భయమేసింది.

అందుకని మీతో ఒక ఒప్పందం. ఆ బల్బు వెలుగుతున్నంత కాలం మీరు సిరిసిల్ల కదలకూడదు. వెలిగించే పూచీ నాది. ఇప్పటికే వెలిగించాను కూడా.

మొదట అంబదాస్‌తో తాళం తీయించి లోపల బ్యాటరీ పెట్టాను. రెండో రోజుకే నీరసించింది. రోజూ వెళ్ళి మార్చుదామంటే గల్లీలో కేసులు వచ్చాయి, వెదురు బొంగులు కట్టి మూసేస్తారని ముందుగానే చెప్పారు. మన ఇంటి నుంచి గల్లీ మీదుగా తీగ లాగితే కరెంటు కంపెనీ వాళ్ళు ఊరుకోరు. సౌర పలక పెట్టొచ్చు కదా అంటారేమో, షెడ్డుకు గాలి కోసం ఉన్న వెంటిలేటర్ కిటికీ ఉత్తరం గోడకు రేకుల చూరు కింద ఉంది. సూర్యుడు అటు తొంగి చూడడు. అప్పుడు తట్టింది, నా చదువంతా దీని గురించే కదా అని.

నేను చేసే పని ఇది. కరెంటును ఒక లేజర్ దీపంతో వెలుగుగా మార్చి, సన్నని ధారలాగా గాలిలో పంపుతాం. అవతల అరచేయంత పలక ఆ వెలుగును పట్టుకుని మళ్ళీ కరెంటు చేస్తుంది. మధ్యలో తీగ ఉండదు. గల్లీ మూసే ముందు రోజు ఆ పలకను వెంటిలేటర్‌కు బిగించి, లోపల దాన్నుంచి చిన్న ఎర్ర బల్బుకు కలిపి వచ్చాను. మన డాబా గదిలో దీపం పెట్టి గల్లీ మీదుగా గురి చూశాను. ఆ వెలుగు కంటికి కనబడదు, అందుకే కంటికి ప్రమాదం. కానీ అది మనిషి తల కంటే చాలా ఎత్తున పోతుంది, ఏదైనా అడ్డం వస్తే రెప్పపాటులో దానంతటదే ఆగిపోతుంది. కాకి అడ్డం వచ్చినా ఆగుతుంది. అత్తమ్మ ఆరేసిన చీరకైతే గంటసేపు ఆగింది.

ఇటు పంపినదాంట్లో పదోవంతుకు కాస్త ఎక్కువే అటు చేరుతుంది. ఆ మాట చెబితే అత్తమ్మ, "పది బిందెలు మోసి ఒక్క బిందె పోసినట్టుంది. గిదేం చదువు పిల్లా?" అంది. మా సార్ కూడా నాలుగేళ్ళుగా అదే అడుగుతున్నారు.

రాత్రి వెంటిలేటర్‌లోంచి ఎర్రగా కనిపిస్తోంది. మీరు ధైర్యంగా ఉండండి.

ఊర్మిళ

*

సిరిసిల్ల
4 జూన్ 2020

ఊర్మిళకు,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. కానీ అంబదాస్ షెడ్డు ఫోటో తీసి పనివాళ్ళ గ్రూపులో పెట్టాడట. మొన్న మే నెలాఖరున కూలీల కోసం వేసిన ప్రత్యేక రైలుబండికి ఊరికొచ్చిన మన సాంబయ్య తన ఫోన్‌లో నాకు చూపించాడు. కనెక్షన్ తీసేసిన షెడ్డులో బల్బు వెలుగుతోంది. మా ఇంటి కోడలే కరెంటిచ్చిందని అంబదాస్ కింద గొప్పగా రాశాడు.

నాకు చెవులు పోయాయి గానీ బుద్ధి పోలేదు. కనెక్షన్ లేని చోట కరెంటు ఎలా వస్తుందో ఈ ఊళ్ళో చిన్న పిల్లలకు కూడా తెలుసు. స్తంభం మీద తీగకు కొక్కెం వేశావు. నా మీద ప్రేమతోనే చేశావని తెలుసు. అయినా నేను సూరత్‌కు వచ్చినప్పటి నుంచి ఒక్క దారం ముక్క దొంగతనంగా ఇంటికి తేలేదు. దేవుడి ముందు దొంగ కరెంటు వెలగడం కంటే చీకటే నయం. తడి గోడ మీద ఆ తీగ తాకితే నీకు ఏమవుతుందో ఆలోచించావా? చదువుకున్న దానివి.

దాన్ని తీసేయి. లేదా నేనే వచ్చి తీస్తాను.

రాజమౌళి

*

గోడాదరా
15 జూన్ 2020

మామయ్యకు దొంగ కోడలి నమస్కారాలు.

నా ఉత్తరం దారిలో ఉండగానే మీరు నాకు శిక్ష వేసేశారు. మీ కార్డు చదివి బాగా ఏడ్చాను, తర్వాత బాగా కోపం వచ్చింది. కోపంలోనే రాస్తున్నాను, పెద్దవారు క్షమించాలి. ఈ ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. ఒక్కసారి నన్ను అడిగి ఉంటే సరిపోయేది.

మీలాంటి బుద్ధిమంతులు ఇక్కడా ఉన్నారు. ఎవరో ఫిర్యాదు చేస్తే కరెంటు కంపెనీ వాళ్ళు మాస్కులు, చేతి తొడుగులతో వచ్చి షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగారు. తీగ కోసం గోడ తడిమారు, రేకుల కింద చూశారు. ఏమీ దొరకలేదు. నేను పైనుంచి పిలిచి, మా ఇంటి మీటరు నుంచే దీపానికి కరెంటు వస్తుందని చూపించాను. వాళ్ళ పెద్దాయన ఒక అట్టముక్క తీసుకుని ధారకు అడ్డం పెట్టాడు. బల్బు ఆరింది. తీశాడు. నేను మీట నొక్కితే మళ్ళీ వెలిగింది. ఆయన అట్టముక్కను ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుని, "బెహన్, వైరే లేకపోతే నేను ఏం కత్తిరించాలి?" అని హిందీలో అడిగాడు. అత్తమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చి పంపింది.

తీయను. మీరు రాకూడదు కాబట్టి తీయను.

ఊర్మిళ

*

సిరిసిల్ల
27 జూన్ 2020

దొంగ కాని కోడలికి, తొందరపడ్డ మామ ఆశీస్సులు.

నీ మే నెల ఉత్తరం, జూన్ ఉత్తరం రెండూ ఒకే రోజు పోస్టుమ్యాన్ చేతిలో పెట్టాడు. రెండూ రెండేసి సార్లు చదివాను. నాకు క్షమాపణ రాయడం రాదు. మీ అత్తమ్మను అడుగు, పెళ్ళైనప్పటి నుంచి ఒక్కటీ రాయలేదు. నేను రాసింది మనసులో పెట్టుకోకు బిడ్డా.

నీ దీపం సంగతి నాకు ఇప్పుడు అర్థమైంది. సూరత్ పక్కన కామ్‌రేజ్ దగ్గర కొత్త ఫ్యాక్టరీలో నీటి ధారతో నడిచే మగ్గాలు చూశాను. అక్కడ పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడె లేదు. సన్నని నీటి ధారే పోగును ఈ అంచు నుంచి ఆ అంచుకు మోసుకుపోతుంది. నాడె లేకుండా నేత ఏమిటని మొదటి రోజు నవ్వి వచ్చాను, రెండో రోజు మళ్ళీ పోయి చూశాను. నీది వెలుగు ధార అన్నమాట. నవ్వకముందే నమ్మి ఉండాల్సింది.

కానీ ఇక్కడొక చిక్కు వచ్చింది. బల్బు వెలుగుతున్న ఫోటో చూసిన సాంబయ్యకు, షెడ్డు నడుస్తోందని గట్టి నమ్మకం పడింది. నేను నీ మాట చెప్పాను. తీగ లేకుండా కరెంటా అని నేను నిన్ను అన్నట్టే అతను నన్ను అన్నాడు. సేఠ్ చాటుగా మగ్గాలు నడిపిస్తున్నాడు, రాజమౌళి తన మనుషులకు పని ఇప్పించుకుని మిగతావాళ్ళను ఊళ్ళో కూర్చోబెడుతున్నాడు, ఇదీ అతని లెక్క. నిన్న పొద్దున లారీ ఎక్కేశాడు. లారీ మీద నిలబడి నాతో ఏదో అన్నాడు. పెదవులు కదలడం కనిపించింది, మాట వినబడలేదు. మంచిదే అన్నాను. ఏమన్నాడో ఏమో.

వస్తే చూసుకో బిడ్డా. వాడు మొండివాడు గానీ చెడ్డవాడు కాదు.

రాజమౌళి

*

గోడాదరా
11 జూలై 2020

మామయ్యా,

సాంబయ్య అన్న వచ్చాడు. అర్ధరాత్రి కాదు, మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా. వెదురు బొంగులు ఎప్పుడో తీసేశారు కాబట్టి నేరుగా షెడ్డు షట్టర్ దగ్గరకు వచ్చి బాదడం మొదలుపెట్టాడు. లోపల మగ్గాల చప్పుడు లేదని తెలిసినా బాదుతూనే ఉన్నాడు. అంబదాస్ పక్కకు లాగితే, వెంటిలేటర్ వైపు చెయ్యి చూపించి, "అగో బల్బు వెలుగుతాంది. గది అబద్ధం చెప్తదా?" అన్నాడు.

నేను డాబా మీద నుంచి విన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది మామయ్యా. ఆ బల్బు అబద్ధం చెప్పలేదు. కానీ మీ మనుషులకు అది ఏం చెబుతుందో నాకు తెలిసి ఉండీ, మీ ఒక్కరి గురించే ఆలోచించాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

వచ్చిన కొద్ది రోజులకే అతనికి జ్వరం, ఊపిరి అందకపోవడం. మన తెలుగు సమాజం వాళ్ళు తమ హాల్లో మంచాలు వేసి నడుపుతున్న కేంద్రంలో చేర్చారు. కిశోర్ రోజూ వెళ్ళి చూస్తున్నాడు. ఆక్సిజన్ పెట్టారు. గండం గడుస్తుందనే అంటున్నారు, గడిచిందని మాత్రం ఇంకా అనలేదు.

అతను షట్టర్ బాదిన రోజు సాయంత్రమే నేను దీపం ఆపేశాను. మీకు మాట ఇచ్చి, మిమ్మల్ని అడగకుండా ఆపాను. ఇంకొకరు ఆ వెలుగు చూసి లారీ ఎక్కకూడదని ఆపాను. ఇప్పుడు మీరు బయలుదేరతారని భయంగా ఉంది. సాంబయ్య అన్నది మీకంటే గట్టి ఛాతీ. దయచేసి రాకండి. బతిమాలుతున్నాను.

ఊర్మిళ

*

సిరిసిల్ల
20 జూలై 2020

బిడ్డా ఊర్మిళా,

నువ్వు దీపం ఆపడం సరైన పనే. నేనైనా అదే చేసేవాణ్ణి.

సాంబయ్య ఇంటికి పోయాను. అతని భార్య నన్ను కూర్చోమనలేదు. నాకు వినబడాలని దగ్గరకు వచ్చి, గట్టిగా చెప్పింది. "మీ షెడ్డు దీపం మీరే ఆర్పుకోండ్రి. మా ఇండ్లల్ల దీపాలు ఆర్పకుండ్రి." నేను తల వంచుకుని వచ్చేశాను. ఇన్నేళ్ళలో ఇంత స్పష్టంగా ఏ మాటా వినబడలేదు.

అప్పుడు నిజం ఒప్పుకున్నాను. షెడ్డు అయిపోయింది. సేఠ్ దాన్ని మళ్ళీ నడపడు. అక్కడి పాత మగ్గాలను ఎవరూ కొనరు, కామ్‌రేజ్‌లో వచ్చే కొత్తవి మా చేతులు అడగవు. ఇది నాకు కరోనా రాకముందే తెలుసు, ఒప్పుకోలేదంతే. కాబట్టి షెడ్డు మూసేద్దాం. అయితే మూసే పద్ధతిలో మూయాలి. ఆ బల్బు ఒకసారి కనెక్షన్ తీయడంతో, ఒకసారి నువ్వు భయపడడంతో ఆరింది. మనిషి చెయ్యి ఆర్పలేదు. పాత చెయ్యి నాది. నేనే ఆర్పాలి.

శ్రావణంలో మన నూలు పున్నమి రోజు దాన్ని మళ్ళీ వెలిగించి ఉంచు. పున్నమి వెళ్ళిన వారం ఒక లారీ ఉంది, డ్రైవర్‌తో మాట్లాడాను. వచ్చి టెంకాయ కొట్టి ఆర్పి, ఆ తర్వాత నువ్వు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను. ఈ ఒక్కదానికి అడ్డం చెప్పకు. ఇది మొండితనం కాదు. పొరపాటున రోగం అంటుకుంటే అది నా రాత.

రాజమౌళి

*

గోడాదరా
4 ఆగస్టు 2020

మామయ్యా,

ముందు మంచి కబురు. సాంబయ్య అన్నకు ఆక్సిజన్ తీసేశారు. నిన్న నడిచి వచ్చాడు, బాగా చిక్కిపోయాడు. వాళ్ళ ఇంట్లోవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాడు, మీకూ చెప్పే ఉంటారు.

ఇక మీ ఉత్తరం సంగతి. అత్తమ్మకు చెప్పకూడదని మొదట్లో మీరు అన్నారు గానీ, ఈసారి నాకు ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఆమెకే చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, ఆయనకు ఎదురుచెప్పి లాభం లేదు అంది. "పాత చెయ్యి నాది" అన్న చోట చేట పక్కన పెట్టి, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

ఆ తర్వాత ఆమె చెప్పినది ఆమె మాటల్లోనే రాస్తాను.

"షెడ్డు వెట్టినప్పుడు నూలు కండెలు సుట్టుటానికి మా అవ్వ తోని పోయిన. అప్పుడు నాకు పన్నెండేండ్లు. ఆయిన బివండి నుంచి వచ్చింది నాలుగేండ్ల తర్వాత. పెండ్లయినంక ఇంటికాడ కండెలు సుట్టిన, పిల్లగాడు పుట్టినంక మళ్ల షెడ్డుకే పోయిన. పాత చెయ్యి ఎవలదని ఇన్నేండ్లల్ల ఒక్కలన్న నన్ను అడిగిండ్రా?"

మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఉండి నేను కూడా అడగలేదు.

నిన్న నూలు పున్నమి. ప్రతి ఏడూ మార్కండేయుడి ఊరేగింపుతో కిక్కిరిసే వీధుల్లో నిన్న డప్పు చప్పుడే లేదు. సాయంత్రం దీపం వేశాను. జల్లు పడుతుండడంతో కాసేపు మినుకుమినుకుమంది, వాన ఆగాక బల్బు నిలకడగా వెలిగింది. షెడ్డు ముందు సాంబయ్య అన్న, అంబదాస్, ఇంకో నలుగురు పనివాళ్ళు దూరం దూరంగా నిలబడ్డారు. తమలో ఒకరు లోపల పటం ముందుకు వెళ్ళి ఆర్పాలని వాళ్ళు అనుకున్నారు. కానీ షట్టర్ గొడవ తర్వాత సేఠ్ అంబదాస్ దగ్గర్నుంచి తాళంచెవి తీసేసుకున్నాడు, వెళ్ళడానికి దారి లేదు. అత్తమ్మ డాబా పిట్టగోడ మీద టెంకాయ కొట్టింది. ఆ వెలుగు నుంచి కంటికి కాపుగా నేను వాడే నల్ల కళ్ళజోడు పెట్టుకుని, ధార ఎక్కడుందో చూపమంది. అట్టముక్క ఇవ్వబోయాను. "చేత్తో ఆర్పాలన్నడు గద" అంది. చెయ్యి తగలగానే దీపమే ఆగిపోతుందని నాకు తెలుసు, అయినా ఆమె ముంజేయి పట్టుకున్నాను.

ఆమె వెంటనే చెయ్యి పెట్టలేదు. ఎదురుగా ఆ ఎరుపును చాలాసేపు చూసింది. అప్పుడు అరచేయి చాచి అడ్డం పెట్టింది. బల్బు ఆరింది. కింద సాంబయ్య అన్న రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టాడు. మిగతావాళ్ళూ పెట్టారు. ఆమె తిరిగి దండం పెట్టలేదు, కళ్ళజోడు తీయకుండానే ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత నాతో అంది. "గా పని అయిపోయిందని రాయి. ఆయినకు ఈడ పని లేదు. ఆడ్నే ఉండుమను."

రాశాను మామయ్యా.

ఊర్మిళ

*

సిరిసిల్ల
12 ఆగస్టు 2020

ఊర్మిళకు,

ఈ కార్డు మీ అత్తమ్మకు చదివి వినిపించు.

సమ్మక్కా, నువ్వు చెప్పింది నిజమే. నేను ఆ షెడ్డుకు వచ్చిన మొదటి రోజు నా చేతికి కండె అందించింది నువ్వే. పాత చెయ్యి ఆర్పింది, షెడ్డు పద్ధతిగా మూతపడింది. నాకిప్పుడు ఏ బాకీ లేదు.

లారీ పొద్దున వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

బిడ్డా, రైళ్ళు మొదలై, ఎక్కవచ్చని కిశోర్ అన్నప్పుడు నాకు టికెట్టు తీయండి. ఈసారి వచ్చేది షెడ్డు కోసం కాదని మీ అత్తమ్మకు చెప్పు. ఆమె ఏమంటుందో విని, నాకు పెద్ద అక్షరాలతో రాసి పంపు.

మీ
రాజమౌళి